రెండో ఓటు

నరసాపురం ఏజెంటు డజనుకి ఇచ్చేది ఎంతో కాదు,
అయినా లేసు అల్లేటప్పుడు లెక్క తప్పను.
ఏడు గొలుసులు, ఒక ముడి, మళ్ళీ ఏడు.
అందుకే మొన్న మా మరిది ఏసోబు
బూత్‌ల వారీ కాగితం అరుగు మీద పరిచి
గోటితో గీసుకుంటూ చదువుతుంటే
కొక్కెం సూది ఆపి విన్నాను.

వాళ్ళకి నాలుగొందల పదకొండు.
వీళ్ళకి మూడొందల తొంభై ఆరు.
బకెట్టు గుర్తుకి రెండు.

"ఎవరు దోర్కా వదినా, ఆ రెండూ వేసిన వెర్రోళ్ళు?"
నవ్వాడు. నేనూ నవ్వాను.
ఆ నవ్వు ఇంకా గొంతులోనే ఉంది,
అన్నం ముద్ద మింగినా దిగని పరిగె ముల్లులా.

బకెట్టాయన కడలి పట్టాభి.
కరెంటాఫీసులో లైనుమన్‌గా చేసి దిగిపోయాడు.
మా సంఘం కాదు, మా కులం కాదు,
దేవుణ్ణి నమ్ముతాడో లేదో నేనడగలేదు.
జెండా లేదు, డప్పు లేదు,
మోపెడ్ మీద ఒక్కడే వచ్చాడు.
సీసాలో తెచ్చింది మా పేట బోరు నీళ్ళే.
"తాగమనను. వాసన చూడండమ్మా, చాలు."
చూశాను.
రొయ్యల చెరువులు రాకముందు ఆ బోరు నీళ్ళతోనే
నా బాప్తిస్మం రోజు తెల్లారగట్ల
మా అమ్మ నాకు తలంటింది.

ఆ ఆదివారం అయ్యగారు
ప్రసంగం మధ్యలో కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
ఒకళ్ళు మందిరానికి ప్రహరీ కడతామన్నారట,
ఇంకొకళ్ళు స్లాబు వేస్తామన్నారట.
"గెలిచేవాళ్ళలోనే ఎంచుకోండి.
మన ఓటు మురిగిపోకూడదు" అన్నారు.
ఆయన్ని తప్పు పట్టను.
వానాకాలం రేకుల్లోంచి కారుతుంటే
బల్ల మీద రొట్టెకి గొడుగు పట్టేది నేనే.

ఎలక్షను ముందు రాత్రి
ఏసోబు కవరు తెచ్చాడు, వెనక ఇద్దరు.
పక్క వీధిలో పసుపు బియ్యం మీద చేతులు వేయించారట.
మా ఇంట్లో అలమారలోంచి గ్రంథం తీయించాడు.
ఒట్టు పెట్టుకోవద్దన్న పుస్తకం మీదే
ఒట్టు పెట్టమన్నాడు.
మా ఆయన పెట్టాడు.
నా చెయ్యీ లేచింది. దాచడం ఎందుకు, లేచింది.
వేళ్ళకి లేసు దారం చుట్టుకుని ఉంటే
అది విప్పుకునే వంకతో దించేసుకున్నాను.
కవరు మా ఆయన లుంగీ మడతలోకి పోయింది,
మర్నాడు గ్యాసు బండై వచ్చింది.
ఆ మంట మీద కాచిన టీ నేనూ తాగాను.
ఇది కూడా రాసుకో ప్రభువా.

బూత్ అంటే నేను నాలుగో తరగతి చదివిన గది.
అట్ట చాటున మిషను ముందు నిలబడితే
మోకాళ్ళు వంచకుండానే ప్రార్థన వచ్చింది.
ఏమడిగానో గుర్తులేదు.
ఎవరు గెలవాలని మాత్రం అడగలేదు.
వేలు బకెట్టు దగ్గరికి వెళ్ళింది.
కీ...మంది మిషను,
అంత గుట్టుగా వేసిన ఓటుకి
బయట వరసలో చివరి మనిషికి కూడా వినపడే కూత.
అద్దం వెనక చీటీ కాసేపు నిలబడి రాలిపోయింది.
ఏడు లెక్కపెట్టాను.

మురిగిపోయిందా?
అమ్మ అనేది, లేసుకి ధర దారానికి కాదే,
దారం వదిలిన సందులకి, అని.
ఆ మాట నమ్మే
ఇప్పటికీ కిరాణా కొట్లో బాకీ ఉన్నాను.

కానీ రెండు. ఒకటి నాది.
మా ఆయనది కాదు, ఆయనకి
మాట మీద నిలబడే జబ్బుంది.
పట్టాభి ఓటు ఏటి అవతల, లంకలో.

ఈ ఆదివారం ప్రభువు బల్ల.
చాపల మీద ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు.
ముసుగుల కింద ఒక్కో మొహమే వెతికాను.
రొయ్యల షెడ్డులో ఐసుకి గోళ్ళు ఊడిన సలోమియా?
కానుకల సంచి లెక్కపెట్టే రత్నాకరమా?
మొదటిసారి ఓటేసిన, ఎవరితోనూ మాట్లాడని
ఆ చివరి చాప మీది కుర్రాడా?

రొట్టె విరుస్తుంటే అయ్యగారి చెయ్యి ఆగింది.
"నీళ్ళ కోసం కూడా ప్రార్థిద్దాం" అన్నారు,
అలవాటు లేని మాట.
కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ
ఒక్క క్షణం నా వంక చూశారు.

రేకుల్లోంచి చుక్క పడింది.
గొడుగు
కొంచెం ఆయన వైపు జరిపాను.